ముద్దాయి బరువు కిలోన్నర

ముందు అభియోగాలు చదువుకుందాం. నెలలు నిండకుండా పుట్టడం. తక్కువ బరువుతో పుట్టడం. పుట్టగానే గట్టిగా ఏడవకపోవడం. ఆస్పత్రిలో చేరడం. చేరినవాడు బుద్ధిగా ఇంటికి పోకుండా వారాల తరబడి అక్కడే తిష్ఠ వేయడం. ఊపిరాడక వెంటిలేటర్ ఎక్కడం. బొడ్డులో ఒక గొట్టం, ముక్కులో ఒక గొట్టం, చేతికో సూది పెట్టించుకోవడం. అమ్మ పాలు తాగకపోవడం. అన్నిటికీ మించి, అంతకుముందే యాంటీబయాటిక్స్ వాడి ఉండటం.

పసిపిల్లల రక్తంలోకి మందులకు లొంగని బ్యాక్టీరియా చేరడానికి వైద్య పత్రికలు చెప్పే 'రిస్క్ ఫ్యాక్టర్లు' ఇవే. ఏ దేశంలో లెక్క తీసినా జాబితా ఇంచుమించు మారదు. శాస్త్రం తప్పని ఎవరూ అనడం లేదు. లెక్కలు నిజమే. కానీ ఆ జాబితా ఇంకొక్కసారి చదవండి. అందులో పెద్దవాళ్ల పేరు ఒక్కటైనా కనిపించిందా? మంత్రి ఉన్నాడా? ఫ్యాక్టరీ ఉందా? మందుల షాపు ఉందా? ఖాళీ పోస్టు ఉందా? అబ్బే. బోనులో ఉన్నది ఒక్కడే. వయసు మూడు రోజులు. బరువు కిలోన్నర. తరఫున లాయరు లేడు. ఇంకా పేరైనా పెట్టలేదు. చేతికి కట్టిన పట్టీ మీద 'బేబీ ఆఫ్' అని రాసి, పక్కన అమ్మ పేరు రాశారు.

సరే, ఒక్కో అభియోగమే విచారిద్దాం. మొదటిది తక్కువ బరువు. ఎందుకు తగ్గిందయ్యా బరువు? ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత. సగానికి పైగా! ఐరన్ మాత్రలు ఇస్తున్నాం, పోషకాహారం ఇస్తున్నాం, కిట్లు ఇస్తున్నాం, కిట్ల మీద మా ఫొటోలూ ఇస్తున్నాం అంటారు ఏలినవారు. ఫొటో బాగానే వచ్చింది. రక్తమే రాలేదు. మరి ముద్దాయి ఎవరు? కడుపులో ఉండగానే బరువు పెరగని ఆ సోమరిపోతేనా?

రెండోది ఆస్పత్రిలో చేరడం. ఇక్కడ కాస్త నిలబడాలి. అసలు కథంతా ఇక్కడే ఉంది.

2016లో ఢిల్లీ నుంచి ఒక అధ్యయనం వెలువడింది. మూడు పెద్దాస్పత్రులు. రెండున్నరేళ్లకు పైగా 13,530 మంది నవజాత శిశువుల్ని గమనించారు. రక్తంలో ఇన్ఫెక్షన్ వచ్చిన పిల్లల్లో ఏ సూక్ష్మజీవి పెరిగిందో చూశారు. అన్నిటికంటే ముందు వరసలో ఉన్నది అసినెటోబ్యాక్టర్. తర్వాత క్లెబ్సియెల్లా, ఈ కోలై. ఆ అసినెటోబ్యాక్టర్లలో 82 శాతం, క్లెబ్సియెల్లాల్లో 54 శాతం ఒకటి కాదు, అనేక రకాల మందులకు లొంగనివి. కల్చర్‌లో ఇన్ఫెక్షన్ తేలిన పిల్లల్లో దాదాపు సగం మంది బతకలేదు.

ఇది చాలదా? ఇంకోటి వినండి. ఆ సెప్సిస్ కేసుల్లో, అంటే రక్తంలో ఇన్ఫెక్షన్ కేసుల్లో, సుమారు మూడింట రెండొంతులు బిడ్డ పుట్టిన 72 గంటల లోపే మొదలయ్యాయి. 72 గంటలు! అప్పటికి బిడ్డ ఏ ఊరు వెళ్లింది? ఏ హోటల్లో తిన్నది? ఏ ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంది? కళ్లు కూడా సరిగ్గా తెరవలేదు. అసినెటోబ్యాక్టర్ అమ్మానాన్నల నుంచి ఆస్తిలా వచ్చేది కాదు. ఆస్పత్రి గోడల్లో, తడి గచ్చుల్లో, సక్షన్ గొట్టాల్లో, మంచాల అంచుల్లో బతికే జీవి. అంటే కాన్పు గదే దాన్ని బిడ్డకు కానుకగా ఇచ్చిందన్నమాట. సంస్థాగత ప్రసవాలు పెంచామని గొప్పలు చెప్పుకున్నాం. తప్పు లేదు, తల్లుల మరణాలు తగ్గాయి, అది నిజం. కానీ ఇంట్లో కాన్పు ప్రమాదం అని తల్లిని 108లో ఎక్కించి తెచ్చినవాళ్లు, ఆ గదిలో కుళాయి తిప్పితే నీళ్లు వస్తాయో లేదో చూడొద్దా?

చేతులు కడుక్కోవాలండీ. ఇంతే. ప్రపంచంలోకెల్లా చవకైన వైద్యం. గోడ మీద బొమ్మలతో సహా పోస్టరు ఉంటుంది. చేతులు కడిగే పద్ధతి, ఆరు మెట్లు, రంగుల్లో. పోస్టరు కింద సింకు. సింకు మీద ఖాళీ సబ్బు డబ్బా. ప్రత్యేక నవజాత శిశు విభాగంలో ముగ్గురు నలుగురు పిల్లలకు ఒక నర్సమ్మ ఉండాలని నిబంధన. రాసినవాళ్లకు దండం పెట్టాలి, చక్కగా రాశారు. రాత్రి రెండింటికి వెళ్లి చూడండి. ఒకే వార్మర్ మీద ఇద్దరేసి పడుకున్న పిల్లలు, వాళ్ల మధ్య పరుగులు పెట్టే ఒక అమ్మాయి. అందులోనూ కాంట్రాక్టు ఉద్యోగి. జీతం ఎప్పుడొస్తుందో ఆమెకే తెలీదు. ప్రతి బిడ్డనూ ముట్టుకునే ముందూ, ముట్టుకున్న తర్వాతా చేతులు కడగాలంటే, ఆమె షిఫ్టంతా సింకు దగ్గరే నిలబడాలి. ఆమెను తిట్టడం తేలిక. సర్వీసు రూల్సులో మెమో ఇవ్వడం ఇంకా తేలిక. కాంట్రాక్టు నర్సు మీద మెమో, కాంట్రాక్టరు మీద శాలువా. మన పాలన ఎప్పుడూ ఈ వరసలోనే కదా.

ఎలుకల సంగతి చెప్పకపోతే పాపం అవి నొచ్చుకుంటాయి. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వ సర్వజనాస్పత్రిలో చికిత్స పొందుతున్న రోజుల పసికందు ఎలుకల దాడిలో చనిపోయాడు. రాష్ట్రమంతా గగ్గోలు. పరామర్శలు, సస్పెన్షన్లు, విచారణలు. ఎలుకల వేట యుద్ధ ప్రాతిపదికన సాగింది. ఇక దేశంలో ఏ పసికందునూ ఎలుక తాకదనుకున్నారా? సరిగ్గా పదేళ్లకు, 2025 ఆగస్టు చివర, ఇండోర్. మహారాజా యశ్వంత్‌రావు ఆస్పత్రి. నవజాత శిశువుల ఐసీయూ. ఇద్దరు పిల్లల్ని ఎలుకలు కొరికాయి. ఇద్దరూ చనిపోయారు. 2017 నుంచి ఏటా దేశంలోకెల్లా పరిశుభ్రమైన నగరంగా పతకాలు గెలుచుకుంటున్న ఇండోర్ అది! ఊరంతా ఊడ్చారు. ఐసీయూ ఒక్కటి మిగిలిపోయినట్టుంది.

ఆస్పత్రి పెద్దలు ఏమన్నారో తెలుసా? ఎలుక కాటు వల్ల కాదట. పిల్లలకు అప్పటికే ఉన్న జబ్బులట. ఒక పాప విషయంలో చెప్పిన కారణం సెప్టిసీమియా, అంటే రక్తంలో ఇన్ఫెక్షన్. ఎంత ఊరట! ఎలుక నిర్దోషి. ఆస్పత్రీ నిర్దోషి. రక్తంలో ఇన్ఫెక్షన్ అంటే అదేదో ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు. ఐసీయూలో ఎలుకలు తిరిగేంత 'స్వచ్ఛత' ఉన్నచోట రక్తంలోకి సూక్ష్మజీవి ఎలా వచ్చిందని ఎవరైనా అడిగారా? వైద్య పరిభాషకు ఇంత మంచి ఉపయోగం ఉంటుందని కనిపెట్టినవాళ్లు కూడా ఊహించి ఉండరు.

ఇప్పుడు అసలు నేరానికి వద్దాం. 'ముందే యాంటీబయాటిక్స్ వాడి ఉండటం.' ఎవరు వాడారు? బిడ్డ లేచి నడుచుకుంటూ మందుల షాపుకు వెళ్లి 'అన్నా, ఒక మెరోపెనెమ్ ఇవ్వు' అని అడిగిందా?

నవజాత శిశువుకు ఇన్ఫెక్షన్ అనుమానం వస్తే చేయాల్సిన పని పెద్ద బ్రహ్మవిద్య కాదు. మందు మొదటి డోసు పడక ముందే ఒక మిల్లీలీటరు రక్తం తీసి కల్చర్ సీసాలో వేయాలి. ల్యాబుకు పంపాలి. మామూలు మందులతో, ఆంపిసిలిన్, జెంటామైసిన్‌లతో, మొదలుపెట్టాలి. రెండు రోజుల్లో చాలావరకు తేలిపోతుంది. ఏదైనా పెరిగితే దానికి ఏ మందు పనిచేస్తుందో ల్యాబు చెబుతుంది, దానికి మారాలి. ఏమీ పెరగక, బిడ్డ కులాసాగా ఉంటే మందు ఆపేయాలి.

విన్నారుగా. ఇప్పుడు నేలమీదికి రండి. కల్చర్ సీసా లేదు. సీసా ఉంటే మెషీన్ లేదు. మెషీన్ ఉంటే మైక్రోబయాలజిస్టు లేడు. ముగ్గురూ కలిసిన శుభముహూర్తంలో ఆదివారం. ఈలోగా బిడ్డ నీలంగా మారుతోంది. డాక్టరు ఏం చేస్తాడు? కనిపించిన సూక్ష్మజీవిని కాల్చలేడు, కనిపించలేదు కదా. అందుకని మొత్తం అడవికి నిప్పు పెడతాడు. ముందు సెఫోటాక్సిమ్. సాయంత్రానికి మెరోపెనెమ్. మర్నాటికి వాంకోమైసిన్. నాలుగో రోజు కొలిస్టిన్. ఆ తర్వాత దేవుడు. దేవుడికి కూడా రెసిస్టెన్స్ వచ్చినట్టుంది ఈమధ్య.

డాక్టరును వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. సగం వెనకేసుకొస్తున్నా. బిడ్డకు ఏదైనా అయితే అద్దాలు పగిలేది అతని గదివే. చొక్కా పట్టుకునేది అతనిదే. 'ఎందుకు ఆపావు మందు' అని అడుగుతారు గానీ 'ఎందుకు వేశావు' అని ఎవరైనా అడిగారా? కాబట్టి వేస్తూనే ఉంటాడు. మిగతా సగం మాత్రం వదలను. కల్చర్ పంపే సౌకర్యం ఉండి, మైక్రోబయాలజిస్టు కింది అంతస్తులోనే ఉండి, రిపోర్టు చేతికొచ్చి, అందులో ఏమీ పెరగలేదని ఉండి, ఇంకా పద్నాలుగు రోజులు మెరోపెనెమ్ ఎక్కించే కార్పొరేట్ ఐసీయూలకు ఏం సాకు ఉంది? బిల్లులో ఆ వరుస పొడుగ్గా ఉంటే చూడముచ్చటగా ఉంటుందనా? రిసెప్షన్‌లో ఫౌంటెన్ ఉంటుంది. గోడకు గుర్తింపు పత్రాలు, వాటికి బంగారు ఫ్రేములు. ఇక్కడ రక్తంలో ఇన్ఫెక్షన్ రేటు ఎంత అని మాత్రం ఎక్కడా రాసి ఉండదు. నార్మల్ గది అద్దె, డీలక్స్ గది అద్దె, సూట్ అద్దె రాసి ఉంటాయి.

ఊరి సంగతి? ఆర్‌ఎంపీ సూది లేనిదే జ్వరం తగ్గదని మనకో గట్టి నమ్మకం. జలుబుకు సెఫ్ట్రియాక్సోన్. దగ్గుకు అజిత్రోమైసిన్. విరేచనాలకు ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపి కొట్టిన గులాబీ సిరప్. జలుబు వైరస్ వల్ల వస్తుంది, ఆ మందు దాన్ని తాకను కూడా తాకదు అంటే, 'ఈ డాక్టరుకు ఏమీ తెలీదు, ఉత్త చేతుల్తో పంపాడు' అని ఇంకో డాక్టరు దగ్గరికి పోయేది మనమే కదా? ఫ్రిజ్‌లో గుడ్ల పక్కన సగం మిగిలిన సిరప్ సీసా ఎవరింట్లో లేదు? పెద్దబ్బాయికి మిగిలింది చిన్నమ్మాయికి. కరోనా రోజుల్లో అజిత్రోమైసిన్‌ను కొబ్బరిచిప్ప ప్రసాదంలా ఇంటింటికీ పంచుకున్నాం. మీరు నవ్వకండి. నేనూ నవ్వను.

ఇక చట్టం. ఆహా, చట్టానికేం తక్కువ! 2013లో షెడ్యూల్ హెచ్1 తెచ్చారు. 2014 మార్చి 1 నుంచి అమలు. మూడో తరం, నాలుగో తరం యాంటీబయాటిక్స్ చీటీ లేకుండా అమ్మకూడదు. కొన్నవాడి పేరు, రాసిన డాక్టరు పేరు రిజిస్టరులో ఎక్కించాలి. ఆ రిజిస్టరు మూడేళ్లు భద్రపరచాలి. 2016లో ఇంకో అడుగు ముందుకేసి, మాత్రల అట్ట మీద ఎర్ర గీత గీస్తే చీటీ లేనిదే కొనకూడదని ప్రజలు గుర్తుపట్టాలన్నారు. గుర్తుపట్టారు కూడా. 'అన్నా, ఎర్రగీత మందు ఇవ్వు, అదైతే పవర్‌ఫుల్' అని అడగడం నేర్చుకున్నారు. రిజిస్టరు? ఇన్‌స్పెక్టరు గారు వచ్చే ముందు రోజు రాత్రి ఒకే పెన్నుతో, ఒకే చేతివ్రాతతో, మూడు నెలల రోగుల్ని ఒక్కసారిగా పుట్టించే కళ మనవాళ్లది. అంత జనాభా ఏ ప్రసూతి వార్డులోనూ పుట్టదు. 2024 జనవరిలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ డాక్టర్లందరికీ ఉత్తరం రాసింది, యాంటీబయాటిక్ ఎందుకు రాస్తున్నారో కారణం కూడా రాయండి అని. మంచిది. ఆ ఉత్తరం ఎందుకు రాయాల్సి వచ్చిందో కారణం కూడా ఎవరైనా రాస్తే బాగుండేది. పదేళ్ల క్రితం తెచ్చిన రూలును ఎవరూ అమలు చేయలేదని.

హైదరాబాదు దాటి పటాన్‌చెరు వెళ్దాం పదండి. ఇక్కడ ముద్దాయి కోసం ప్రత్యేకంగా బడి నడుస్తోంది. బిడ్డ కోసం కాదు, బ్యాక్టీరియా కోసం. మన నగరం బల్క్ డ్రగ్స్ రాజధాని. ప్రపంచంలో ఏ మూల ఎవరికి జ్వరమొచ్చినా మన మాత్రే మింగుతారని చెప్పుకుంటే ఛాతీ ఉబ్బుతుంది. ఉబ్బనివ్వండి. 2007లో స్వీడన్‌కు చెందిన పరిశోధకుడు లార్సన్ బృందం ఇక్కడి ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లు పరీక్షించింది. అప్పట్లో సుమారు తొంభై మందుల కంపెనీల మురుగు అక్కడికి చేరేది. 'శుద్ధి' అయి బయటికి వచ్చిన ఆ నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. ఒక్క రోజులో సుమారు 45 కిలోల సిప్రో వాగులో కలుస్తోందని వాళ్ల అంచనా. తొంభై లక్షల జనం ఉన్న స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడే మందు అది. ఇసకవాగు, అక్కణ్ణుంచి నక్కవాగు, అక్కణ్ణుంచి మంజీర. జబ్బు చేయని చేపకు, జబ్బు చేయని గేదెకు, జబ్బు చేయని వరిచేనుకు ఉచిత వైద్యం. ఇంత ఉదారమైన ఆరోగ్య పథకం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా?

అంత మందులో ఈదుతూ బతికి బట్టకట్టిన బ్యాక్టీరియా ఏం చేస్తుంది? తట్టుకోవడం నేర్చుకుంటుంది. నేర్చుకున్న జన్యువును పక్కవాడికి ఇస్తుంది. కులం అడగదు, జాతి అడగదు. ఈ కోలై క్లెబ్సియెల్లాకు ఇస్తుంది, క్లెబ్సియెల్లా ఇంకొకడికి. ఫలానా వార్డులో ఫలానా పాప రక్తంలో పెరిగిన సూక్ష్మజీవి ఫలానా వాగులో చదువుకుందని ఎవరూ వేలెత్తి చూపలేరు. నిజమే. దారి పొడుగునా మనుషులు, పశువులు, మురుగు కాల్వలు, ఆస్పత్రులు ఉన్నాయి. ఆ చూపలేకపోవడమే ఫ్యాక్టరీ యజమానికి కొండంత ధైర్యం. సాక్షి లేని హత్య.

సాక్ష్యం లేకపోతే పోనీ, హద్దు అయినా పెట్టొచ్చు కదా? పెట్టబోయారు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదా విడుదల చేసింది. మందుల కంపెనీల మురుగులో ఏ యాంటీబయాటిక్ ఎంతకు మించకూడదో హద్దులు రాసింది. అబ్బ, మేలుకున్నారురా అనుకున్నాం. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చింది. అన్నీ ఉన్నాయి. యాంటీబయాటిక్ హద్దులు లేవు. తూచ్! మధ్యలో పంతొమ్మిది నెలల్లో ఆ పట్టిక ఎక్కడ కరిగిపోయింది? ఏ బల్ల కింద? సిప్రోను శుద్ధి చేయలేని మన వ్యవస్థ, నోటిఫికేషన్‌ను మాత్రం ఎంత చక్కగా శుద్ధి చేసిందో చూడండి.

మన పరువు సంగతైతే మాత్రం అలా కాదు. అక్కడ మన స్పందన మెరుపు. 2008లో స్వీడన్‌లో ఒక రోగి దగ్గర కొత్త రకం రెసిస్టెన్స్ దొరికింది. అతను అంతకుముందు న్యూఢిల్లీలో చికిత్స చేయించుకున్నాడు. కార్బపెనెమ్ మందుల్ని, అంటే మన బిడ్డకు ఆఖరి ఆశలాంటి మెరోపెనెమ్ కుటుంబాన్ని, ముక్కలు చేసే ఎంజైము అది. న్యూఢిల్లీ పేరు కలిపి ఎన్‌డీఎం-1 అన్నారు. 2010లో ఆ సంగతి పెద్ద పత్రికలో రాగానే పార్లమెంటు అదిరిపోయింది. కుట్ర అన్నారు. మన మెడికల్ టూరిజం మీద విదేశీ కుతంత్రం అన్నారు. పేరు పెట్టడం పొరపాటేనని వైద్య పత్రిక లాన్సెట్ సంపాదకుడు 2011 జనవరిలో ఒప్పుకున్నాక గానీ మనసు చల్లబడలేదు. గెలిచాం! అదే ఏడాది ఢిల్లీ కుళాయి నీళ్లలో, వీధి మడుగుల్లో ఆ జన్యువు దొరికిందని ఇంకో అధ్యయనం వచ్చింది. 171 మడుగు నమూనాల్లో 51, 50 కుళాయి నమూనాల్లో 2. అప్పుడు మనవాళ్లు అడిగిన ప్రశ్న ఏమిటి? నీళ్లలోకి ఎలా వచ్చిందనా? కాదండీ. మా నీళ్లు దేశం దాటి ఎలా వెళ్లాయని! పేరు గురించి పోట్లాడిన నోళ్లలో సగం నీటి గురించి తెరుచుకుని ఉంటే ఈ వ్యాసం రాసే పని తప్పేది. పేరుకు కోపం వచ్చింది. పిల్లలకు రోగం వచ్చింది. దేనికి ముందు చికిత్స జరిగిందో మీరే చెప్పండి.

మనకు పరీక్షలు చేయడం చేతకాదని మాత్రం ఎవరూ అనలేరు. భీమవరం వెళ్లండి, చెబుతారు. రొయ్యకు ఎంత మర్యాదో! యూరప్ వాడు ఒప్పుకోడు. అమెరికా వాడు కంటెయినర్ తిప్పి పంపిస్తాడు. రొయ్యలో క్లోరాంఫెనికాల్ ఉందా, నైట్రోఫ్యూరాన్ ఉందా అని చెరువు దగ్గరే ముందుగా పరీక్ష. ల్యాబులు, మిషన్లు, సర్టిఫికెట్లు, సీళ్లు. 2016లో యూరప్ మన రొయ్య సరుకులో పరీక్షించే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచితే, రాష్ట్రమంతా గుండె చేత్తో పట్టుకుంది. అదే జిల్లాలో నెలలు నిండని బిడ్డకు కల్చర్ చేయాలంటే రక్తం సీసా పట్టుకుని తండ్రి ఏ ఊరికి బస్సెక్కాలి? రొయ్యకు విదేశీ కొనుగోలుదారు ఉన్నాడు. వాడు అడుగుతాడు. బిడ్డకు ఎవరున్నారు? బిడ్డను ఎగుమతి చేయడానికి ఇంకా పాతికేళ్లు ఆగాలి, ఇంజినీరింగ్ అయ్యాక.

కోళ్ల విషయంలో ఒక మంచి పని జరిగింది, ఒప్పుకోవాలి. కొలిస్టిన్‌ను, మనుషులకు ఇక వేరే దారి లేనప్పుడు వాడే మందును, కోళ్లు త్వరగా బరువు పెరగాలని దాణాలో కలిపేవాళ్లు. 2019 జులైలో నిషేధించారు. అంటే అప్పటిదాకా మన బిడ్డ బరువు పెరగకపోయినా కోడి బరువు పెరిగింది. ఏదో ఒకటి పెరిగింది, సంతోషం.

ప్రణాళికలా? కావలసినన్ని. 2011లో జాతీయ విధానం. 2012లో చెన్నై డిక్లరేషన్. 2017లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక, గడువు 2021. గడువు అయిపోయింది. రెండో ప్రణాళిక 2025 నవంబరులో విడుదలైంది. మధ్యలో ఈ నాలుగేళ్లు ఏమైనట్టు? బ్యాక్టీరియాకు వేసవి సెలవులా? అనుకూలమైన చోట ఈ కోలై ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. మన ఫైలు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు జరిగేలోగా దానికి మునిమనవలు పుడతారు. మన వైద్య పరిశోధన మండలి లెక్కలే చూడండి. 2016లో 65 శాతం క్లెబ్సియెల్లాల మీద మెరోపెనెమ్ కుటుంబంలోని ఇమిపెనెమ్ పనిచేసేది. 2021 నాటికి 43 శాతం మీదే. సరిగ్గా మొదటి ప్రణాళిక నడిచిన కాలం అది! ప్రణాళిక లేకపోతే ఇంకా ఘోరంగా ఉండేదని సమాధానం సిద్ధంగా ఉంటుంది, తెలుసు. కేరళ మాత్రం 2018లోనే రాష్ట్ర ప్రణాళిక తెచ్చి, తర్వాత చీటీ లేకుండా అమ్మే మందుల షాపుల మీద పడింది. చేయాలనుకుంటే చేయొచ్చని అది చూపింది. మిగతా రాష్ట్రాలు కేరళ సినిమాలు రీమేక్ చేస్తాయి. ఇది ఎందుకో రీమేక్ చేయవు. హీరో లేడనేమో.

2022లో లాన్సెట్‌లో వచ్చిన ప్రపంచ లెక్క ప్రకారం 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా 12.7 లక్షల మందిని చంపింది. వాళ్లలో ఐదుగురికి ఒకరు ఐదేళ్ల లోపు పిల్లలు. మన దేశంలో మందులకు లొంగని సెప్సిస్‌కు ఏటా 58 వేలకు పైగా నవజాత శిశువులు బలవుతున్నారని 2013లోనే పరిశోధకులు అంచనా కట్టారు. 58 వేలు! ఒక మోస్తరు పట్టణం. ఏటా ఒక పట్టణం ఖాళీ అవుతుంటే, పేపర్లో ఎన్ని సార్లు చదివారు? విమానం కూలితే నెల రోజులు చర్చ. ఇక్కడ చర్చకు ఇద్దరు ప్యానలిస్టులు కూడా దొరకరు. 2024 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో దేశాలన్నీ కూర్చుని 2030 నాటికి ఈ మరణాలు 10 శాతం తగ్గిస్తామని ప్రతిన పూనాయి. పది శాతం. మిగతా తొంభై శాతం పిల్లలు కాస్త సర్దుకోవాలి మరి.

కొత్త మందు వస్తుందిలే అంటారా? ఎవరు చేస్తారు? జీవితాంతం వాడే బీపీ మాత్రలో లాభం ఉంది గానీ, వారం వాడి ఆపేసే మందులో ఏముంది? అందులోనూ కిలోన్నర రోగికి! పసిపిల్లల మీద ప్రయోగం చేసేందుకు కంపెనీలు ముందుకు రాకపోతే, చివరికి లాభాపేక్ష లేని సంస్థలు ఫాస్ఫోమైసిన్ లాంటి పాత మందుల్ని దుమ్ము దులిపి కలిపి పరీక్షిస్తున్నాయి.

పైసా ఖర్చు లేని మందు ఒకటుంది. పేరు అమ్మ. నవ్వకండి, సినిమా డైలాగు కాదు. భారత్‌తో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో జరిగిన పరీక్ష 2021లో వెలువడింది. కిలో నుంచి కిలో ఎనిమిది వందల గ్రాముల లోపు పిల్లల్ని, స్థిరపడే దాకా ఆగకుండా, పుట్టగానే తల్లి గుండెకు ఆనించి, ఆ ఐసీయూలోనే తల్లికీ మంచం వేశారు. మన దగ్గర ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రిలో చేశారు. 28 రోజుల లోపు మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. ఎంత స్పష్టంగా తగ్గాయంటే, మిగతా పిల్లల్ని దూరంగా ఉంచడం తప్పని ప్రయోగాన్నే మధ్యలో ఆపేశారు. సెప్సిస్ అనుమానిత కేసులు కూడా తగ్గాయి. అమ్మ ఒంటి మీది సూక్ష్మజీవులు బిడ్డకు స్నేహితులు. ఆస్పత్రి గచ్చు మీదివి కావు. మరి మన విభాగాల్లో తల్లి ఎక్కడుంటుంది? బయట వరండాలో. చెప్పులు పక్కన పెట్టుకుని, పాలు గిన్నెలోకి పిండి లోపలికి పంపుతూ. 'లోపలికి రావద్దమ్మా, ఇన్ఫెక్షన్ వస్తుంది' అని వాచ్‌మన్ అరుస్తుంటాడు. ఇన్ఫెక్షన్ తల్లి తెస్తుందట! ఎమ్మెల్యే గారు పండ్లు పంచడానికి పదిమందితో, కెమెరాలతో, బూట్లతో లోపలికి వచ్చినప్పుడు మాత్రం అది దండం పెట్టి పక్కకు తప్పుకుంటుందేమో.

కొత్త భవనం అడగడం లేదు. కొత్త పథకం వద్దే వద్దు, దానికో కొత్త పేరు, ఆ పేరు మీద కొత్త గొడవ. ప్రతి జిల్లా ఆస్పత్రి శిశు విభాగం గుమ్మం ముందు ఒక నల్లబోర్డు పెట్టండి, చాలు. ఈ నెల ఎంతమంది పిల్లలు చేరారు. ఎన్ని కల్చర్లు పంపారు. ఎన్నింట్లో ఏం పెరిగింది. దాని మీద ఏ మందు పనిచేసింది, ఏది పనిచేయలేదు. రాత్రి షిఫ్టులో నర్సులు ఎంతమంది. సబ్బు ఉందా, లేదా. ఎంతమంది తల్లులకు లోపల మంచం దొరికింది. సుద్దముక్కతో రాయండి. నెలనెలా తుడిచి మళ్లీ రాయండి. ఫ్యాక్టరీ గేటు ముందు ఇంకొకటి, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో. చోటు లేదంటారా? గుమ్మం పక్కనే నున్నటి నల్లరాతి శిలాఫలకం ఉంటుంది చూడండి, ప్రారంభోత్సవం చేసినవారి పేర్లతో, పై నుంచి కింది దాకా పదిహేను మంది. అందులో సభాధ్యక్షుల పేరు దగ్గర్నుంచి కింది భాగం చెక్కేస్తే సరిపోతుంది.